"అన్నా, ఒక్క నిమిషం": టీం లీడ్ తన రోజును చేతిలోకి తెచ్చుకోవడం ఎలా?

సాయంత్రం ఏడవుతుంది. ఫ్లోర్ మీద సగం సీట్లు ఖాళీ. పొద్దున రాసుకున్న మూడు పనుల్లో ఒక్కటీ కాలేదు. అలాగని ఖాళీగా కూర్చున్నారా అంటే అదీ లేదు, టీ కూడా సీటు దగ్గరే తాగారు. ఇంటికెళ్లి, అన్నం తిని, మళ్లీ ల్యాప్‌టాప్ తెరవాలి. కొత్తగా టీం లీడ్ అయినవాళ్లలో చాలామందికి ఇది రోజూ ఉండే బాధే. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు అమెరికా కాల్స్ కూడా తోడవుతాయి.

నేను ఎనిమిది మంది ఉన్న టీంకు లీడ్‌ని. మొదటి ఏడాది నా సొంత పని రాత్రి పదింటికి గానీ మొదలయ్యేది కాదు. తెల్లవారుజామున లేవడం, లిస్టులు రాసుకోవడం, ఫోన్‌లో యాప్ పెట్టుకోవడం అన్నీ చేసి చూశాను. అవి మంచివే గానీ, ఎవరి పని వాళ్లు చేసుకునేటప్పుడు పనికొచ్చేవి. లీడ్ అయ్యాక మన టైం మన పనిలో పోదు. నలుగురు మన మాట కోసం ఆగిన చోట పోతుంది. ఆ ఆగడం తగ్గితే మన గంటలు మనకు తిరిగొస్తాయి. కింద చెప్పేవన్నీ దానికోసమే. వరుస మార్చకుండా చెయ్యండి, ఎందుకంటే మొదటిది చేయకపోతే మూడోది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

1. ఒక వారం రాయండి

చిన్న నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఫోన్ వద్దు, ఫోన్ తీస్తే వాట్సాప్ చూస్తాం. సోమవారం నుంచి శుక్రవారం వరకు మీరు చేస్తున్న పని మారినప్పుడల్లా ఒక లైన్ రాయండి: ఎన్నింటికి, ఏం పని, ఎవరు మొదలుపెట్టారు. అంతే. చక్కగా రాయాల్సిన పని లేదు.

నా నోట్‌బుక్‌లో ఒక మంగళవారం పొద్దుటి పూట ఇలా ఉంది:

10:05 – కొత్తగా చేరిన అమ్మాయికి డేటాబేస్ యాక్సెస్ అప్రూవల్.
10:20 – "అన్నా, ఒక్క నిమిషం." లాగిన్ పేజీలో ఎర్రర్ వస్తే ఏ మెసేజ్ చూపించాలి? రెండు రాసుకొచ్చాడు, ఏదో ఒకటి నేను చెప్పాలి.
10:40 – ఈ రోజు టెస్టింగ్‌కి బిల్డ్ (అప్పటిదాకా రాసిన కోడ్‌తో సిద్ధమైన సాఫ్ట్‌వేర్) ఇవ్వొచ్చా? ఇవ్వమన్నాను.
11:00 – మీటింగ్. నా మాట ఒక్కసారి అవసరమైంది, గంట కూర్చున్నాను.
12:10 – శుక్రవారం లీవ్ కావాలని ఒకరు.
12:15 – మళ్లీ ఎర్రర్ మెసేజే, ఈసారి పేమెంట్ పేజీకి.

నా పేరు మీదున్న డిజైన్ డాక్యుమెంట్ తెరిచింది ఒకే ఒక్కసారి, 10:35కి. అది కూడా అయిదు నిమిషాలు. ఇందులో ఏదీ పనికిమాలిన పని కాదు. అయినా 10:20, 12:15 లైన్లు పక్కపక్కన చూడండి. పొద్దున నేను జవాబు చెప్పాను గానీ, ఇలాంటివి ఎవరు తేల్చాలో చెప్పలేదు. అందుకే ప్రశ్న రెండు గంటల్లోపే బట్టలు మార్చుకుని మళ్లీ వచ్చింది.

2. శుక్రవారం సాయంత్రం మూడు గుర్తులు పెట్టండి

వారం లిస్టును ముందు పెట్టుకుని ప్రతి లైన్ పక్కన ఒక గుర్తు వేయండి. నేను తప్ప ఇంకెవరూ చేయలేనిది అయితే చుక్క. వేరేవాళ్లకు నేర్పిస్తే చేయగలిగేది అయితే గీత. వేరేవాళ్లకు ఇప్పటికే వచ్చు గానీ, నేను "సరే" అనాలని ఆగారు అనుకుంటే సున్నా.

చుక్కలు మీరనుకున్నదానికంటే తక్కువ ఉంటాయి. అప్రైజల్, ఒకరి ఇంట్లో కష్టం గురించి మాట్లాడటం, క్లయింట్‌తో తేదీ ఒప్పుకోవడం లాంటివి. నాకు ఎక్కువగా కనిపించినవి సున్నాలు. మా వాళ్లకు పని రాక నా దగ్గరకు రావడం లేదు, తేల్చే హక్కు తమదని తెలియక వస్తున్నారు. ఈ సంగతి కాగితం మీద చూసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. అయిదారేళ్ల అనుభవం ఉన్నవాళ్లను నేను పర్మిషన్ కోసం నిలబెడుతున్నాను.

3. సున్నాలను అప్పగించండి

ఇక్కడే ఎక్కువ ఓపిక కావాలి, ఇక్కడే ఎక్కువ టైం మిగులుతుంది. పని అప్పగించడం అందరికీ తెలుసు. ఆ పనిలో నిర్ణయం కూడా అప్పగించకపోతే, పని వాళ్ల దగ్గర ఉన్నా ప్రశ్న మీ దగ్గరకే వస్తుంది.

ముందు ఒక్క సున్నాతో మొదలుపెట్టండి. నేను ఎర్రర్ మెసేజ్‌లతో మొదలుపెట్టాను. ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు.

"అన్నా, ఈ రెండింట్లో ఏది పెట్టమంటారు?"

"నువ్వైతే ఏది పెడతావ్?"

కాసేపు ఆలోచించాడు. "రెండోది అన్నా. తర్వాత ఏం చేయాలో యూజర్‌కి అందులో తెలుస్తుంది."

"అదే పెట్టు. ఇకమీదట ఎర్రర్ మెసేజ్‌లన్నీ నువ్వే చూసుకో. డబ్బులకు, పాస్‌వర్డ్‌కు సంబంధించినవైతే మాత్రం పెట్టేముందు నాకు చూపించు."

"నువ్వైతే" అని అడిగాక మీరు మాట్లాడకండి. నాలుగైదు సెకన్లు ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది, ఆ ఇబ్బందిని తప్పించడానికి జవాబు చెప్పేయాలనిపిస్తుంది. ఆగండి. చాలాసార్లు వాళ్ల దగ్గర జవాబు ఉంటుంది.

కొంచెం పెద్ద విషయమైతే నోటిమాటతో వదలకుండా రాసి పంపండి. ఏం చేయాలి, ఎప్పటికల్లా, ఎంతవరకు వాళ్లిష్టం, ఏ పరిస్థితిలో మీ దగ్గరకు రావాలి, మళ్లీ ఎప్పుడు కూర్చుని చూస్తారు అనేవి అందులో ఉండాలి. బిల్డ్ గురించి నేను పంపింది ఇది:

"ఈ సోమవారం నుంచి టెస్టింగ్‌కి బిల్డ్ ఇవ్వాలా వద్దా అనేది నువ్వే తేల్చు. రోజూ సాయంత్రం 4 లోపు ఇవ్వాలి. టెస్టులన్నీ పాసైతే నన్ను అడగొద్దు, ఇచ్చేసి గ్రూప్‌లో ఒక మాట చెప్పు. పేమెంట్ టెస్టు ఫెయిలైతే నాకు ఫోన్ చెయ్. మిగతావి ఫెయిలైతే ఇవ్వాలో ఆపాలో నీ అంచనా. రెండు వారాలయ్యాక ఎలా నడుస్తోందో కూర్చుని చూద్దాం."

మెసేజ్‌ను గ్రూప్‌లో అందరికీ కనిపించేలా పెట్టండి. లేకపోతే టెస్టింగ్ వాళ్లు పాత అలవాటు కొద్దీ మిమ్మల్నే అడుగుతారు, మీరూ పాత అలవాటు కొద్దీ చెప్పేస్తారు.

ఇచ్చిన తర్వాత వెనక్కి తీసుకోకండి. ఒకసారి ఒక అబ్బాయికి రిపోర్టుల పని అప్పగించి, అతను రాసింది నచ్చక రాత్రి తొమ్మిదింటికి కూర్చుని నేనే తిరగరాశాను. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్నాను, అప్పుడు అదే సరైన పని అనిపించింది. మర్నాడు అతనేమీ అనలేదు. ఆ తర్వాత నుంచి ప్రతి చిన్నదానికీ నా సీటు దగ్గరకు రావడం మొదలుపెట్టాడు. ఎందుకని ఒకరోజు అడిగితే, "ఎలాగూ మీరు మారుస్తారు కదా అన్నా" అన్నాడు. రాత్రి నేను మిగుల్చుకున్న రెండు గంటలకు ఎన్ని గంటలు కట్టానో లెక్క లేదు. నచ్చకపోతే ఏది, ఎందుకు నచ్చలేదో చెప్పి, వాళ్లచేతే మార్పించండి. మీకు నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు. నచ్చకపోవడం మాత్రమే అయితే వదిలేయండి.

గీతలు, అంటే నేర్పాల్సినవి, వారానికి ఒకటి చాలు. ఒకరికి నేర్పేటప్పుడు స్క్రీన్ రికార్డ్ చేసి టీం ఫోల్డర్‌లో పెట్టండి. అదే విషయం రెండోవాళ్లు అడిగితే ఆ లింకు ఇవ్వండి.

4. సందేహాలకు వేళ పెట్టండి

అప్పగించాక కూడా ప్రశ్నలు వస్తాయి, రావాలి కూడా. రాకుండా చేసే లీడ్ దగ్గర సమస్యలు దాక్కుంటాయి. మీరు చేయాల్సిందల్లా వాటిని ఒకచోటికి చేర్చడమే.

నేను రోజుకు రెండు వేళలు పెట్టాను: 11:30 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 4:30. ఆ టైంలో సీటు దగ్గరే ఉంటాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకోను, ఎవరైనా రావచ్చు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం ఒక కాల్ తెరిచి ఉంచుతాను. మిగతా టైంలో అర్జెంట్ అయితేనే. అర్జెంట్ అంటే ఏమిటో ముందే రాసి పెట్టాలి, లేకపోతే అన్నీ అర్జెంటే అవుతాయి. మాకు మూడే ఉన్నాయి: ప్రొడక్షన్ (జనం వాడుతున్న అసలు సిస్టమ్) ఆగిపోవడం, క్లయింట్ లాగిన్ కాలేకపోవడం, టీంలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోవడం లేదా ఇంట్లో ఆపద. వీటికి మెసేజ్ కాదు, నేరుగా ఫోన్.

కొత్తగా చేరి నెల కూడా కానివాళ్లకు ఈ నియమం పెట్టకండి. వాళ్లు ఎప్పుడైనా అడగనివ్వండి. అయితే మొదట మీ బదులు ఒక సీనియర్‌ను చూపించండి.

దీంతోపాటు మెసేజ్ రాసే తీరు కూడా నేర్పాలి. "హాయ్ అన్నా" అని వస్తుంది. మీరు చూసి "చెప్పు" అంటారు. పది నిమిషాలకు "ఒక డౌట్ ఉంది" అని వస్తుంది. ఇలా ఒక ప్రశ్న కోసం నాలుగుసార్లు మీ పని ఆగుతుంది, అవతలి మనిషి పనీ ఆగుతుంది. అడిగేది మొదటి మెసేజ్‌లోనే పూర్తిగా ఉండాలి. మా టీంలో ఇప్పుడు ఇలా రాస్తారు:

"అన్నా, ఆర్డర్ల పేజీ స్లోగా ఉంది. రెండు దారులున్నాయి: ఇండెక్స్ వేయడం, లేదా పేజీకి 50 ఆర్డర్లే చూపించడం. నేను మొదటిది చేద్దామనుకుంటున్నా, సగం రోజు పడుతుంది. 4 లోపు మీరు వద్దనకపోతే మొదలుపెడతా."

ఆ చివరి వాక్యం వల్ల మీరు మీటింగ్‌లో ఇరుక్కున్నా పని ఆగదు. మీరు ఆపాలంటేనే మాట్లాడాలి.

5. మీటింగుల ఖర్చు మనుషుల గంటల్లో లెక్కపెట్టండి

ఎనిమిది మందిని గంటసేపు కూర్చోబెడితే పోయింది గంట కాదు, ఎనిమిది గంటలు. ఒక మనిషి పూర్తి రోజు పని. ఈ లెక్క గుర్తుంటే "అందరినీ పిలుద్దాం" అనే మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

టీంలు పనిని చిన్న చిన్న విడతలుగా చేసుకునే స్క్రమ్ పద్ధతిని రూపొందించిన కెన్ ష్వాబర్, జెఫ్ సదర్‌లాండ్ రోజువారీ మీటింగ్‌కు పెట్టిన హద్దు 15 నిమిషాలు. పనిచేసేవాళ్లు తమలో తాము ఆ రోజు పని సర్దుకోవడానికి పెట్టిన మీటింగ్ అది. మన దగ్గర అది లీడ్‌కు ఒక్కొక్కరూ నిన్నటి లెక్క అప్పజెప్పే కార్యక్రమంగా మారి ముప్పావు గంట సాగుతుంది. ఎవరి లెక్క వాళ్లు జిరాలో (ఎవరి పని ఎంతవరకు వచ్చిందో రాసుకునే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే చాలు, మీటింగ్‌లో "ఎక్కడ ఆగింది, ఎవరి సాయం కావాలి" అనేదే మాట్లాడండి. ఇద్దరి మధ్య చర్చ మొదలైతే ఆ ఇద్దరినీ తర్వాత కూర్చోమనండి, మిగతా ఆరుగురినీ పంపించేయండి.

బ్రిటిష్ రచయిత సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ 1955లో ది ఎకనామిస్ట్ పత్రికలో ఒక సంగతి రాశాడు: పనికి ఎంత టైం ఇస్తే అంత టైం నిండేలా అది పెరుగుతుందని. మీటింగులకు ఇది ఇంకా బాగా వర్తిస్తుంది. గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో స్పీడీ మీటింగ్స్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే అరగంట మీటింగ్ 25 నిమిషాలకు, గంట మీటింగ్ 50 నిమిషాలకు దానంతట అదే తగ్గుతుంది. అవుట్‌లుక్‌లోనూ ఇలాంటి సెట్టింగ్ ఉంది. ఆ అయిదు, పది నిమిషాల్లో మంచినీళ్లు తాగొచ్చు, ఒప్పుకున్న పని ఎవరిదో రెండు లైన్లు రాయొచ్చు.

6. అమెరికా గడియారాన్ని ముందే చూసుకోండి

న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వాళ్ల వేసవిలో మనకు సాయంత్రం 6:30. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు ఇలా ఉంటుంది. ఆ తర్వాత అదే కాల్ మనకు 7:30. కాలిఫోర్నియా ఉదయం 9 అయితే మనకు రాత్రి 9:30, చలికాలంలో 10:30. వాళ్ల గడియారం గంట మారినప్పుడు మన టీంలో ఒక్కొక్కరి ఇల్లు మొత్తం వేళలు మార్చుకోవాలి. పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చే టైం, అమ్మకు మందులిచ్చే టైం, ఉప్పల్ వైపు వెళ్లేవాళ్లు రాయదుర్గంలో మెట్రో ఎక్కే టైం, అన్నీ. అందుకే అక్టోబర్ రాగానే క్లయింట్‌తో మాట్లాడండి: "నవంబర్ నుంచి మీ 9 బదులు 8కి పెట్టుకుందామా?" అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. అడగకపోతే వాళ్లకు ఈ సంగతే తట్టదు. కాలిఫోర్నియా వాళ్లతో అయితే వారంలో ఒక కాల్‌ను వాళ్ల సాయంత్రం 6కి పెట్టమని అడిగి చూడండి. మనకది మర్నాడు పొద్దున 6:30, చలికాలంలో 7:30. పొద్దున్నే మాట్లాడటం నయమనేవాళ్లు మీ టీంలో తప్పకుండా ఉంటారు.

కాల్‌కి అందరూ అక్కర్లేదు. ఇద్దరు చాలు, వారం వారం మారుతూ. ఆ వారం కాల్‌లో ఉండేవాళ్లు మర్నాడు పొద్దున ఆలస్యంగా రావచ్చని రాతపూర్వకంగా చెప్పండి, మీరూ అలాగే రండి. లీడ్ రాత్రి పదింటికి కాల్ ముగించి పొద్దున తొమ్మిదికి సీట్లో ఉంటే, టీంలో ఎవరూ ఆలస్యంగా రావడానికి ధైర్యం చేయరు.

కాల్‌కు అరగంట ముందు ఒక నోట్ పంపితే కాల్ సగమవుతుంది: ఈ రోజు అయినవి, ఆగినవి, మీరు తేల్చాల్సిన ప్రశ్నలు. మూడో భాగమే కాల్‌లో మాట్లాడండి.

7. మీ సొంత పనికి గంటన్నర

పొద్దున ఒక గంటన్నర క్యాలెండర్‌లో బ్లాక్ చేసి పెట్టుకోండి. అయితే ఆ గంటన్నరలో ఏం పెట్టుకోవాలన్నది ముఖ్యం. వేరేవాళ్లు ఎదురుచూసే పని మీ దగ్గర పెట్టుకోకండి. మీరు రాయాల్సిన కోడ్ వస్తే గానీ ముగ్గురు కదలలేరంటే, మీకొక మీటింగ్ పడిన రోజు ఆ ముగ్గురి రోజూ పోతుంది. ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేని పని మీది: రాబోయే నెల డిజైన్, టెస్టులు బాగుచేయడం లాంటివి. ఇతరులు రాసిన కోడ్ చదివి చెప్పడం ఒక్కటే దీనికి మినహాయింపు. అది రోజూ ఆ గంటన్నరలో మొదటి పని కావాలి, ఎందుకంటే దానికోసం ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

8. పైనుంచి కొత్త పని వచ్చినప్పుడు

"కుదరదు సర్" అనక్కర్లేదు, "సరే సర్" అని తలూపనూ అక్కర్లేదు. ఇప్పుడు నడుస్తున్న పనుల లిస్టును స్క్రీన్ మీద తెరిచి, "దీన్ని ఈ వారమే మొదలుపెడదాం సర్. వీటిలో ఏది వెనక్కి జరపమంటారు?" అని అడగండి. నిర్ణయం ఆయనది, లిస్టు మీది. ఆయన చెప్పింది అదే రోజు మెయిల్‌లో పెట్టండి. ఏదీ జరపకుండా అన్నీ కావాలంటే, ఏది ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో ఆ మెయిల్‌లోనే రాయండి.

9. రెండు నెలలు ముందుకు చూడండి

శుక్రవారం ఒక అరగంట రాబోయే రెండు వారాల క్యాలెండర్ తిరగేయండి. నెలకోసారి మాత్రం ఇంకా దూరం చూడాలి. సంక్రాంతికి సగం టీం ఊరికి వెళ్తుంది. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందు తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులు ఉండేది. అంటే జనవరి 12 రైలుకు నవంబర్ 13న టికెట్ తీసుకుంటారు. ఆ రోజుకల్లా ఎవరు ఎప్పుడు వెళ్తున్నారో, ఎవరు ఉంటున్నారో తేలిపోవాలి. టికెట్ బుక్ చేసుకున్నాక జనవరిలో లీవ్ ఆపితే ఆ మనిషి మనసు విరుగుతుంది, ఆపకపోతే రిలీజ్ (కొత్త వెర్షన్ విడుదల) ఆగుతుంది. క్లయింట్‌కు కూడా నవంబర్‌లోనే చెప్పేయండి: జనవరి రెండో వారంలో రిలీజ్ వద్దని.

ఒక్కొక్కరితో విడిగా కూర్చునే అరగంటను మాత్రం ఎప్పుడూ తగ్గించకండి. ఎనిమిది మందికి రెండు వారాలకోసారి అంటే నాలుగు గంటలు. పని ఎక్కువైనప్పుడు మొదట కత్తెర పడేది దీనికే. నేనూ అలా కోసి, ఒక సీనియర్ మానేస్తున్నాడన్న సంగతి రిజైన్ మెయిల్ చూసి తెలుసుకున్నాను. కొత్తవాళ్లను వెతకడం, నేర్పడం, అతని పని పంచడం మూడు నెలలు పట్టింది. అతను చెప్పిన కారణం షిఫ్ట్ టైమింగ్. అరగంట కూర్చుంటే సర్దగలిగేవాణ్ని.

10. రెండు రోజులు లీవ్ పెట్టండి

ఇవన్నీ మొదలుపెట్టిన రెండు నెలలకు, రిలీజ్ లేని వారంలో రెండు రోజులు సెలవు తీసుకోండి. ల్యాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేయండి. అర్జెంట్ అయితే ఫోన్ చేయమని ఒకే ఒక్కరికి చెప్పండి. వెళ్లేముందు టీంకు ఒక పని అప్పజెప్పండి: మీరు లేక ఏ పని ఆగిందో అది ఒక షీట్‌లో రాయమని. తిరిగొచ్చిన రోజు మెయిల్ కంటే ముందు ఆ షీట్ తెరవండి. నా మొదటి షీట్‌లో పదకొండు లైన్లు ఉన్నాయి, అందులో ఎనిమిది సున్నాలే. ఆ సాయంత్రమే వాటిలో రెండింటికి మూడో పనిలో చెప్పినట్టు మెసేజ్ రాసి గ్రూప్‌లో పెట్టాను.